కమిటీ మారాక అమ్మ గుడికి వెళ్లడం మానేసింది. మీ దగ్గర ఇలా జరిగిందా?

మల్లెతీగ (సఫిల్‌గూడ), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా కాలనీ గుడి రేకుల షెడ్డుగా ఉన్నప్పటి నుంచి మా అమ్మకు అందులో ఒక పని ఉంది. శుక్రవారం అమ్మవారికి మాల. నాన్న మోండా మార్కెట్ నుంచి పూలు తెచ్చేవారు. అమ్మ రాత్రే అరటినార నానబెట్టుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి కట్టేది. పదకొండేళ్లు. నాన్న చనిపోయిన వారం కూడా పక్కింటి పిన్నిగారితో కట్టించి పంపింది.

పాత అధ్యక్షుడు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. మైకు ఇస్తే రెండు ముక్కలు మాట్లాడి దించేసేవారు. కానీ ఎవరైనా రెండు వారాలు కనబడకపోతే ఫోన్ చేసేవారు. "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగి పెట్టేసేవారు, చందా ఊసే ఎత్తేవారు కాదు. అన్నదానం రోజు ఆఖరి బంతిలో కూర్చునేవారు. అప్పటికి ఒక్కోసారి కూరలన్నీ అయిపోయి మజ్జిగన్నమే మిగిలేది. అదే తినేవారు.

ఉగాది తర్వాత ఆయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయారు. కొత్తాయన వచ్చాడు. పనిమంతుడే, కాదనను. గ్రానైట్ వేయించాడు, సీసీ కెమెరాలు పెట్టించాడు, గోపురానికి రంగులు కొట్టించాడు. ఒక శుక్రవారం అమ్మ బుట్టతో వెళ్లేసరికి అమ్మవారి మెడలో అప్పటికే ఇంకో మాల ఉంది. పూలు కాంట్రాక్టుకు ఇచ్చారట. అమ్మకు ఒక్క మాట చెప్పలేదు. పూజారిగారు తల దించుకుని "కమిటీ నిర్ణయం అమ్మా" అన్నారట. అమ్మ ఆ మాల ఇంటికి తెచ్చి తులసికోటకు వేసింది. నాలుగు నెలలైంది, మళ్లీ గుడి మెట్టెక్కలేదు.

అన్నదానానికి నెలకు వెయ్యి ఇస్తున్నాం. ఆపేయాలా? దేవుడి మీద నమ్మకం పోలేదు. మరి ఒక మనిషి మారితే మనసు ఇంత విరిగిపోవడం తప్పా?

నల్లకుంట_నివాసి, ఆదివారం రాత్రి 10:15

అమ్మా, మనం గుడికి వెళ్లేది దేవుడి కోసం, కమిటీ కోసం కాదు. అధ్యక్షులు వస్తారు, పోతారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో చెబుతున్నాను, మనుషుల మీద అలిగి దేవుడికి దూరం కాకండి. మాల వద్దంటే మానేసి, దణ్ణం పెట్టుకుని రావచ్చు కదా.

లెక్కల_మాస్టారు (బోడుప్పల్), ఆదివారం రాత్రి 11:05

నల్లకుంట గారూ, మీ మాట పూర్తిగా ఒప్పుకోలేను. దణ్ణం ఒక్కటే అయితే ఇంట్లో పటం ముందు పెట్టుకోవచ్చు. గుడికి పోయేది నలుగురిలో మనకూ చోటు ఉందని. ఆ చోటు ఇచ్చేదీ, తీసేసేదీ మనుషులే.

నేను మా కాలనీ గుడికి పద్దెనిమిదేళ్లు కోశాధికారిగా చేశాను. మొదట్లో చందా పుస్తకం పట్టుకుని వీధిలో తిరిగితే సగం మంది తలుపు తీసేవారు కాదు. "పోయినసారిది ఏం చేశారు?" అని కిటికీలోంచే అడిగేవారు. అడగడంలో తప్పేముంది? మాకు ముందున్న వాళ్లు ఎన్నడూ లెక్క చెప్పలేదు.

మా అధ్యక్షురాలు (అవును, ఆడమనిషే, టీచరు) చెప్పుల స్టాండు పక్కన ఒక నల్లబోర్డు పెట్టించారు. ప్రతి శనివారం అన్నదానం అయ్యాక నేను సుద్దముక్కతో రాయాలి. బియ్యం 25 కిలోలు, కందిపప్పు, నూనె, గ్యాసు, విస్తళ్లు, వంటమనిషి కూలి, మిగులు ఇంత. ఒకసారి గ్యాసు బండ ధర నలభై రూపాయలు ఎక్కువ రాశాను. ఒక ముసలావిడ కర్ర ఊతంగా నిలబడి చదివి, "నాయనా, మా ఇంటికి నిన్ననే వచ్చింది, అంత లేదే" అంది. బిల్లు తీసి చూస్తే ఆవిడదే కరెక్టు. అందరి ముందే తుడిచి మళ్లీ రాశాను. చెవులు వేడెక్కిపోయాయి. మరుసటి వారం ఆవిడ వచ్చి, ఏడాదికి సరిపడా గ్యాసు ఖర్చు తనదే అని చెప్పి వెళ్లింది.

బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం సంగతి అందరికీ తెలుసు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యికి, 2025లో 35 లక్షలకు పోయింది. భక్తి ఉంది, పోటీ ఉంది, పేరు కూడా ఉంది. కానీ వేలం డబ్బు ఊరి పనులకు పోతుందని మొదటి నుంచీ జనానికి తెలుసు. ఆ నమ్మకం లేకపోతే ముప్పై ఏళ్లపాటు అది సాగేది కాదని నా అభిప్రాయం.

మల్లెతీగ గారూ, వెయ్యి ఆపే ముందు ఒకసారి లెక్క అడగండి. చూపిస్తే ఇవ్వండి. లేదంటే బియ్యం బస్తా రూపంలో ఇవ్వండి.

అర్చకుడి_బిడ్డ (అంబర్‌పేట), సోమవారం ఉదయం 6:50

అక్కా, పూజారిగారు తల దించుకున్నారని రాశారు కదా, అక్కడే ఆగిపోయాను. మా నాన్న అర్చకులు. ఆ తల దించుకోవడం నేను మా ఇంట్లో చూశాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇవాళ పూజారి చేతిలో ఏ వరమూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులు తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, మళ్లీ 2007లో సవరణ వచ్చింది. అది పెద్ద గుళ్ల కథ. కాలనీ గుళ్లలో అయితే నెల జీతం, కమిటీ ఇచ్చిన గది. "ఈ అమ్మ పదకొండేళ్లుగా మాల కడుతోంది సార్" అని ఒక్క మాట అంటే ఆ గది ఖాళీ చేయాల్సి రావచ్చు. అయినా అని ఉండాల్సింది. మా నాన్న ఒకసారి అన్నారు, మేం మూడు నెలల్లో ఇల్లు మారాం. ఆ వీధిలో వాళ్లు ఇప్పటికీ పెళ్లి ముహూర్తాలకు మా ఇంటికే వస్తారు, ఆ గుడికి పోరు.

చిలుకూరు చూడండి. గండిపేట చెరువు పక్కన చిన్న గుడి. హుండీ లేదు, టికెట్లు లేవు, వీఐపీ దర్శనం లేదు. మొక్కుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. వీసా కోసం వచ్చే పిల్లాడూ, కారు దిగి వచ్చిన పెద్దమనిషీ ఒకే వరుసలో తిరగాలి. డబ్బు అడగని గుడికి అంత జనం ఎందుకు వస్తారంటే, అడగకపోవడం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఆ గుడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుడిని భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్లారు. తక్కువ కులమని దూరం పెట్టిన వైష్ణవ భక్తకవి తిరుప్పాణాళ్వార్ కథ తెలుసు కదా. శ్రీరంగంలో దారికి అడ్డంగా ఉన్నాడని లోకసారంగ ముని రాయి విసిరితే ఆళ్వారుకు నెత్తురు వచ్చింది. స్వామి ఆజ్ఞతో అదే ముని ఆయన్ను భుజాన మోసి గర్భగుడికి తీసుకెళ్లాడు. ఆ రోజు టీవీలో చూస్తూ మా నాన్న లేచి నిలబడ్డారు. మా ఇంట్లో పనిచేసే ఆమె వాకిట్లోంచే చూస్తోంది. నాన్న ఆమెను లోపలికి రమ్మని కుర్చీ వేశారు. అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు, ఈ మాట సిగ్గుతోనే రాస్తున్నాను. పెద్దవాళ్లు చేసే ఒక్క పని ఎంత దూరం వస్తుందో ఆ కుర్చీ చూసి నాకు తెలిసింది.

గోల్కొండ_క్రాస్‌రోడ్స్, సోమవారం ఉదయం 9:30

మేం క్రైస్తవులం. ఇక్కడ రాయొచ్చా అని ఆలోచించి రాస్తున్నా.

మా అమ్మమ్మ హెబ్రోను ప్రార్థనా మందిరానికి వెళ్లేది. దాన్ని స్థాపించిన భక్త్ సింగ్ గారు ఎవరినీ డబ్బు అడిగేవారు కాదని, అవసరాలు దేవుడికే చెప్పుకునేవారని అమ్మమ్మ చెప్పేది. అందరూ చాపల మీదే కూర్చోవాలి. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, డాక్టరు పక్కనే రిక్షా తొక్కే మనిషి, ఒకే అన్నం, ఒకే పప్పు. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు అమ్మమ్మ అంతిమయాత్ర వెంట నారాయణగూడ శ్మశానం దాకా నడిచింది, మోకాళ్లు పనిచేయకపోయినా.

నా కథ వేరు. మా చర్చిలో ఒక పాస్టరుగారు కానుకల కవర్ల మీద పేర్లు, మొత్తం మైకులో చదివించడం మొదలుపెట్టారు. అప్పుడు నా ఉద్యోగం పోయింది. మూడు ఆదివారాలు నా పేరు రాలేదు. నాలుగో ఆదివారం మా పిల్లాడు "డాడీ, మన పేరు ఎందుకు చదవట్లేదు?" అని అడిగాడు. ఐదో ఆదివారం వెళ్లలేదు. మూడేళ్లు వెళ్లలేదు.

ఆ తర్వాత వచ్చిన పాస్టరుగారు నన్ను చర్చికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. అమ్మకు డయాలసిస్ నడుస్తోంది. తెల్లవారుజామున ఐదుకు ఆసుపత్రిలో టోకెన్ కోసం లైనులో నిలబడితే, ఆయన వచ్చి "నేను నిలబడతా, నువ్వు టీ తాగిరా" అన్నారు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. టోకెన్ పదిహేడు. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. అలా ఆరు సార్లు వచ్చారు. ఏడో వారం నేనే చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

1910లో ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభ జరిగింది. అజరయ్య గారు, తర్వాత 1912లో దోర్నకల్ బిషప్ అయినాయన, మన దేశంలో ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు, అక్కడ నిలబడి మీరు మా పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. నూరేళ్లు దాటినా ఏ సంఘంలోనైనా జనం అడిగేది అదే కదా. మల్లెతీగ గారి అమ్మగారు అడిగేదీ అదే.

నల్లకుంట_నివాసి, సోమవారం ఉదయం 11:20

గోల్కొండ గారూ, ఇక్కడ రాయొచ్చా అని అడగక్కర్లేదు నాయనా. మీ టోకెన్ మాట చదివి కాసేపు ఏమీ చేయలేకపోయాను.

మెహదీపట్నం_ఇంజినీర్, సోమవారం మధ్యాహ్నం 2:10

అస్సలాము అలైకుం, నమస్తే. మా బస్తీలో నడిచిపోయే దూరంలో నాలుగు మసీదులున్నాయి. నమాజు ఎక్కడైనా ఒకటే. అయినా జుమ్మా రోజు ఒక మసీదు మెట్ల దాకా నిండిపోతుంది, పక్కదానిలో రెండు వరుసలు ఖాళీగా ఉంటాయి. తేడా ఇమాం సాబ్, కమిటీ.

డబ్బు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జకాత్, అంటే మిగులు సంపదలోంచి ఇచ్చే దానం, రెండున్నర శాతం, ఇవ్వడం ఫర్జ్ (తప్పనిసరి). ఎవరి చేతికి ఇవ్వాలన్నది మన ఇష్టం. నేనైతే పెద్ద రసీదు పుస్తకాలు చూసి ఇవ్వను, మనిషిని చూసి ఇస్తాను.

2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు మా మసీదు వరండాలో ఆక్సిజన్ సిలిండర్లు పెట్టారు. ఇమాం సాబ్ ఒక స్కూలు లాంగ్‌బుక్‌లో గీతలు కొట్టి రాసేవారు: పేరు, ఫోన్, సిలిండర్ తీసుకున్న టైము, తిరిగిచ్చిన టైము. రాత్రి రెండింటికి ఒక ఆంటీ, బొట్టు, చేతిలో మంగళసూత్రం గట్టిగా పట్టుకుని వచ్చింది. ఉన్నది ఒక్క సిలిండరే. పొద్దున తీసుకుంటామని అంతకుముందే మా వాళ్లలో ఒకరు చెప్పి ఉంచారు. ఇమాం సాబ్ ఆ ఒక్కటీ ఆంటీకిచ్చి, "పొద్దున్నకి అల్లా ఇంకోటి పంపుతాడు" అని, ఫోన్ పట్టుకుని తెల్లవారేదాకా ఊరంతా వెతికారు. దొరికింది. ఆ రాత్రి అక్కడున్న కుర్రాళ్లం పన్నెండు మందిమి. అందులో తొమ్మిది మంది ఈరోజుకీ ఆ మసీదు పనుల్లోనే ఉన్నాం. అంతకుముందు ఈద్‌కు తప్ప మసీదు మొహం చూసినవాళ్లం కాదు.

డేటా_పిచ్చి (గచ్చిబౌలి), సోమవారం సాయంత్రం 7:45

ఇక్కడ అందరూ అనుభవంతో చెబుతున్న మాటనే అమెరికాలో సర్వే చేసి కనుక్కున్నారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2016లో, కొత్త ప్రార్థనా స్థలం వెతుక్కున్నవాళ్లను ఏం చూసి ఎంచుకున్నారని అడిగింది. ప్రసంగం బాగుండాలన్నవాళ్లు 83 శాతం. అక్కడి పెద్దలు ఆదరంగా పలకరించడం అన్నవాళ్లు 79 శాతం. ఇంటికి దగ్గరగా ఉండటం 70 శాతం.

మన పద్ధతి వేరు, ఒప్పుకుంటాను. మనం పుట్టుకతోనే ఒక గుడికో చర్చికో మసీదుకో చెందుతాం. వదిలేశామని ఎవరూ ప్రకటించరు. కానీ ఊడ్చే చీపురు, చందా, పిల్లల్ని వెంట తీసుకెళ్లడం, ఇవి మన చేతిలోవే. మనవాళ్లు బయటికి నడవరు, చేతులు వెనక్కి తీసుకుంటారు. అందుకే తగ్గుతున్నామని చాలా కమిటీలకు ఏళ్ల తరబడి తెలియదు. పండగ రోజు జనం నిండుగానే ఉంటారు మరి.

పాత_శిష్యుడు (కూకట్‌పల్లి), మంగళవారం రాత్రి 12:30

మంచి నాయకుడి గురించి అందరూ రాశారు. నేను రెండో వైపు రాయాలి.

ఒక గురువుగారి సత్సంగంలో ఎనిమిదేళ్లు ఉన్నాను. పేరు చెప్పను. ఆయన కూడా మొదట్లో మీరు చెప్పినట్టే ఉండేవారు. నాన్నకు గుండెపోటు వస్తే ఆసుపత్రికి వచ్చారు. మా పాప పేరు గుర్తుంచుకుని పిలిచేవారు. ఆ ప్రేమ నిజమో కాదో ఇప్పటికీ చెప్పలేను, బహుశా నిజమే. మేం చేరింది ధ్యానం కోసం కాదు, ఆయన కోసం.

ఐదో ఏడు ఆశ్రమానికి స్థలం కొన్నారు. ఎవరి పేరు మీద అని అడిగాను. గట్టిగా కూడా అడగలేదు. "నీకు శ్రద్ధ తగ్గుతోంది" అన్నారు. ఆ మాటతో నేను నిజంగానే నాలో లోపం ఉందనుకుని మూడేళ్లు ఇంకా ఎక్కువ సేవ చేశాను. పీఎఫ్ తీసి ఇచ్చాను. రెండోసారి అడిగితే వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. మా పాప పుట్టినరోజుకు ఎప్పుడూ ఇరవై మంది పిల్లలు వచ్చేవారు, అందరూ సత్సంగం పిల్లలే. ఆ ఏడాది కేక్ కోయడానికి ఎనిమిది గంటల దాకా ఆగాం. ఎవరూ రాలేదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలిద్దరిని పిలిచి కోయించాం.

కాబట్టి ఆయన పలకరించాడు, ఆసుపత్రికి వచ్చాడు అన్నది ఒక్కటే చూడకండి. లెక్క అడిగితే మొహం ఎలా మారుతుందో చూడండి. లెక్కల మాస్టారు గారు అందరి ముందూ తుడిచి మళ్లీ రాశానన్నారు. నాకు అలాంటి మనిషి దొరికి ఉంటే నేను ఇంకా లోపలే ఉండేవాణ్ణి.

లెక్కల_మాస్టారు, మంగళవారం ఉదయం 7:00

తమ్ముడూ, పాపకు ఇప్పుడు ఎలా ఉంది? ఎప్పుడైనా బోడుప్పల్ వైపు వస్తే ఇంటికి రండి. ఊరికే రండి, గుడికని కాదు.

మనిషి మీదే నిలబడిన సంస్థ ఆ మనిషితోనే పోతుంది. దోమలగూడ రామకృష్ణ మఠం గుర్తుకొస్తుంది. స్వామి రంగనాథానంద 1973 నుంచి 1993 దాకా ఇక్కడే ఉన్నారు. ఆయన ఉపన్యాసమంటే హాలు నిండిపోయేది, నేనూ మెట్ల మీద కూర్చుని విన్నాను. ఆయన వెళ్లిపోయాక మఠం మూతపడలేదు. భాషల తరగతులు నడుస్తూనే ఉన్నాయి, మా అబ్బాయి ఆ తర్వాతే అక్కడ చేరాడు. పెద్దమనిషి తనతోపాటు కుర్చీని పట్టుకుపోకూడదు. మా గుడిలో అందుకే అధ్యక్ష పదవి రెండేళ్లే అని రాసుకున్నాం, బ్యాంకు చెక్కు మీద ఇద్దరి సంతకాలు. నేను దిగిపోయిన రోజు బాధగానే ఉండింది, అయినా అదే మంచిది.

యువ_కార్యదర్శి (నాగోల్), మంగళవారం ఉదయం 10:40

రాయాలా వద్దా అని రెండు రోజులుగా చూస్తున్నా. మల్లెతీగ అక్కా, మీ కొత్త అధ్యక్షుడు చేసిందే నేనూ చేశాను. మా గుడిలో కూడా పూలు కాంట్రాక్టుకు ఇచ్చింది నేనే.

కారణం చెబుతా, సాకు కాదు. శ్రావణ శుక్రవారం మాల తెచ్చే ఆమెకు జ్వరం వచ్చింది, అమ్మవారికి పూలు లేవు. అందరూ నా మీద పడ్డారు. ఆఫీసులో ఎలా చేస్తామో అలాగే చేశా. నమ్మకంగా టైముకు వచ్చే మనిషిని పెట్టా. ఆమెకు చెప్పాలని తట్టనే లేదు. అది ఆమె చేసే పని అనుకున్నా. ఆమెకు అదే పూజ అని తెలియలేదు. ఆరు నెలల తర్వాత ఎవరో చెబితే ఇంటికెళ్లి క్షమించమని అడిగా. ఆమె నవ్వి కాఫీ ఇచ్చింది, గుడికి మాత్రం రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మీ కొత్త అధ్యక్షుడికి తెలియకపోయి ఉండొచ్చు. ఒక్కసారి మాట్లాడండి అక్కా, ఆలస్యం చేయకండి.

మల్లెతీగ, గురువారం రాత్రి 10:20

అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. టోకెన్ పదిహేడు దగ్గర ఏడ్చింది. పుట్టినరోజు దగ్గర ఆపేయమంది.

నిన్న కొత్త అధ్యక్షుడిని కలిశాను. యువ కార్యదర్శి చెప్పింది నిజం. ఆయనకు తెలియదు. మోకాళ్ల నొప్పితో అమ్మ మానేసిందనుకున్నారట, ఎవరూ చెప్పలేదట. లెక్కలు అడిగితే వెంటనే ఫైలు తీశారు, బిల్లులన్నీ ఉన్నాయి. మనిషి దొంగ కాదు. బోర్డు మీద రాయండి అంటే సరే అన్నారు. చివర్లో "ఆంటీని రమ్మనండి, శుక్రవారం మాల ఆవిడదే" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "నాకు చెప్పాల్సింది నీ చేత కాదు" అంది. నేనేమీ అనలేదు. అమ్మ మాటలో తప్పు నాకు కనబడలేదు. ఆయనకు ఫోన్ చేసి అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. వస్తానన్నారు, ఇంకా రాలేదు.

సాయంత్రం బెంగళూరు నుంచి పెద్దాయన ఫోన్ చేశారు, నేను చేయమని అడగలేదు. "ఏమ్మా, ఒంట్లో బాగుందా? రేపు ఏం పూలు?" అన్నారు. అమ్మ కాస్త ఆగి, "కనకాంబరాలు" అంది.

ఇప్పుడే వంటింట్లోకి వెళ్లాను. సింకు పక్కన గిన్నెలో అరటినార నానుతోంది. ఎవరికని అడగలేదు.

అర్చకుడి_బిడ్డ, గురువారం రాత్రి 10:45

రేపు ఏమైందో రాయండి అక్కా. పూజారిగారికి నా నమస్కారం చెప్పండి.